మోకాలు దాటని బంతి

పోయిన వారం చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. చదివినవాళ్లు నా తప్పుల్ని ఇంకోసారి వినాలి, తప్పదు.

నా పేరు గుణశేఖర్. పలమనేరు పాల కేంద్రంలో పొద్దున్నే రైతులు తెచ్చే పాలు పరీక్ష చేసి వెన్న శాతం చెప్పడం నా ఉద్యోగం. మిగిలిన రోజంతా మా ఊరి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి మేనేజర్‌ని. మేనేజర్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. బంతులకి గాలి కొట్టడం, బస్సులో సీట్లు ఆపడం, ఎవరికైనా మోకాలు చెక్కుకుపోతే మందు రాయడం, అంతే. జట్టుకి ప్రాణం మా కోచ్ చంద్రకాంతమ్మ మేడమ్. హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా రిటైరయ్యారు. ఒకప్పుడు నాకూ ఆవిడే టీచరు. అందుకే నలభై రెండేళ్లు వచ్చినా నలుగురి ముందు నన్ను 'ఏరా' అనే అంటారు.

నాలుగేళ్లు మా జట్టుకి ఫార్వర్డ్‌గా ఆడిన మోహనకి పోలీసు ఉద్యోగం వచ్చి ట్రైనింగుకి వెళ్లిపోయింది. ఆ స్థానంలోకి శ్రీకాళహస్తి నుంచి అమల అనే ఇరవై ఏళ్ల అమ్మాయిని వెతికి తెచ్చింది నేనే. ఒక్క సాయంత్రం ఐదు గోల్స్ కొట్టింది, ఈ కళ్లతో చూశాను అని ఊరంతా చాటుకుని తిరిగిందీ నేనే. ఆ అమ్మాయి మాతో మూడు ప్రాక్టీసు మ్యాచ్‌లు ఆడింది. కొట్టిన గోల్స్ సున్నా. పోయిన ఆదివారం చంద్రగిరిలో మూడోది కూడా ఓడిపోయి వచ్చాక, మేడమ్ లీగ్‌కి పంపాల్సిన జాబితాలో పద్నాలుగు పేర్లు రాసి, పదిహేనో గడి ఖాళీగా వదిలేసి కలం మూత పెట్టేశారు. శనివారం సాయంత్రం ఐదింటికల్లా ఆ జాబితా తిరుపతిలో లీగ్ ఆఫీసుకి చేరాలి. ఏ జట్టు జాబితాలోనూ పేరు లేని అమ్మాయి ఈ ఏడాదంతా గట్టున కూర్చోవాల్సిందే. సోమవారం నేను అమల వాళ్ల నాయనకి ఫోన్ చేసి, వచ్చి పిల్లని తీసుకుపొమ్మన్నాను. అక్కడ ఆగాం మనం.

ఇప్పుడు శనివారం, పొద్దున ఏడు గంటలు.

మా ఊరి నవంబరు చలి సంగతి కింది ఊళ్లవాళ్లకి చెప్పినా నమ్మరు. పిల్లలు నోటితో పొగ వదులుతూ గ్రౌండు చుట్టూ పరిగెత్తుతున్నారు. అమల కూడా వాళ్లతో పాటే పరిగెత్తుతోంది. సాయంత్రానికి ఊరికి వెళ్లిపోవాల్సిన పిల్ల ఎందుకు పరిగెత్తుతోందని ఎవరూ అడగలేదు. నేనసలు ఆ అమ్మాయి వైపు చూడలేక, ఉన్న ఆరు బంతుల్నీ మళ్లీ మళ్లీ నొక్కి చూస్తూ కూర్చున్నాను.

అప్పుడే గేటు దగ్గర ఏబెల్ కనిపించారు. అమల నాయన. రాత్రంతా బస్సులో వచ్చి, చిత్తూరులో బండి మారి, నిద్ర లేని కళ్లతో నిలబడి ఉన్నారు. ఆయన శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలు ఉతికే పని చేస్తారు. రంగులద్దిన గుడ్డని స్వర్ణముఖిలో నీళ్లుంటే పాయలో, లేకపోతే మోటారు కింద జాడించి, ఏటి ఇసుక మీద ఆరేస్తారు. ముప్పై ఏళ్లుగా అదే పని. ఆ చేతులు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

"రాండి ఏబెలన్నా, కూసోండి. టీ తెప్పిస్తా," అన్నాను.

"ఉండనీ సామీ. పిల్ల ఆడతా ఉండాది గదా, కొంచేపు సూస్తా," అన్నారాయన. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

గ్రౌండులో గొడవ అప్పుడే మొదలైంది.

గొడవ అర్థం కావాలంటే మా ఆట ఎట్లాంటిదో తెలియాలి. మిగతా జట్లలో ఫార్వర్డ్ అంటే గోల్ ముందు నిలబడి, వచ్చిన బంతిని లోపలికి కొట్టే మనిషి. మా మోహన అక్కడ నిలబడేదే కాదు. మా కెప్టెన్ రూపశ్రీ మధ్యలో బంతి అందుకోగానే మోహన వెనక్కి, రూపశ్రీ వైపు పరిగెత్తుకొచ్చేది. ఆమెని కాపలా కాసే ఇద్దరు డిఫెండర్లూ ఏమరుపాటుగా ఆమె వెంట వచ్చేసేవాళ్లు. వాళ్ల వెనకాల గోల్ ముందు బోలెడు ఖాళీ. ఆ ఖాళీలోకి మా ఇద్దరు వింగ్ పిల్లలూ రెండు పక్కల నుంచి దూసుకుపోయేవాళ్లు. మోహన నేల మీదే ఒక్క పాస్ ఇచ్చేది, అంతే, గోల్. నాలుగేళ్లలో మోహన కొట్టినవి ఆరంటే ఆరు. ఆమె వల్ల మిగతావాళ్లు కొట్టినవి అరవైకి పైనే. నాలాంటి వాడికి ఆ అరవై కనిపించవు, ఆరే కనిపిస్తాయి. 'ఈసారి గోల్స్ కొట్టేదాన్ని తెద్దాం మేడమ్' అని గొణిగి గొణిగి శ్రీకాళహస్తికి బస్సెక్కాను.

అమల ఆట పూర్తిగా వేరు. గోల్‌కి వీపు తిప్పి, చెయ్యి వెనక్కి చాపి డిఫెండర్ ఎక్కడుందో తడుముకుంటూ, కదలకుండా నిలబడుతుంది. రూపశ్రీ నేల మీద సూటిగా పాస్ ఇస్తే, అది ఆ అమ్మాయి పాదం కిందుగా జారి పోతుంది. లేదా ఆపేలోపు డిఫెండర్ వచ్చి లాక్కుపోతుంది. మూడు మ్యాచ్‌లూ ఇదే కథ, ఈ పొద్దున కూడా అదే.

రూపశ్రీ నడుం మీద చేతులు పెట్టుకుని ఆగిపోయింది.

"ఏమ్మే, నా పాసు నీకేం పాపం చేసింది? కాలికాడికే ఇస్తా ఉండాను గదా! నువ్వు సూస్తా నిలబడుకుంటే ఎట్లా?"

"సూస్తా నిలబడలేదక్కా," అంది అమల. "నేననుకునేదానికంటే ముందే వచ్చేస్తా ఉండాది."

"ముందే వస్తే మంచిదే గదా!"

"నీకు మంచిదేమో. నాకు కాదు."

"మోహనక్క అయితే..."

"నేను మోహనక్కని కాదు!" అమల గొంతు గ్రౌండంతా వినిపించింది. మూడు వారాల్లో ఆ పిల్ల గొంతు పెంచడం అదే మొదలు. "మూడు వారాల నుంచి అందురూ ఆమె పేరే సెప్తా ఉండారు. ఆమె మాదిరే కావాలంటే ఆమెనే పెట్టుకోండి. నన్నెందుకు పిలిపించినారు?"

ఆ మాట రూపశ్రీని అన్నా, తగిలింది నాకే. అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. మేడమ్ విజిల్ నోట్లో పెట్టుకున్నారు కానీ ఊదలేదు.

అంతలో ఏబెల్ చెప్పులు విడిచి, గ్రౌండులోకి నడిచి వచ్చారు. కూతురు దగ్గరికి పోతున్నారనుకున్నాను. కాదు. బంతి దగ్గర వంగి, ఒక అరచేత్తో దాన్ని మెల్లగా తోశారు.

బంతి దొర్లింది. మా గ్రౌండు ఎర్రమట్టి, పైగా పడమర నుంచి తూర్పుకి కొంచెం వాలు. దొర్లుకుంటూ మధ్యగీత దాటింది, అవతలి పెనాల్టీ బాక్సు దాకా పోయింది, ఇంకా పోతూనే ఉంది. ఏబెల్ నోరు తెరుచుకుని దాని వైపే చూస్తున్నారు.

"ఇదేందమ్మా, యాడిదాకా పోతాది?" అని మేడమ్‌ని అడిగారు.

"మీ ఊళ్లో ఎంత దూరం పోతాది?" అన్నారు మేడమ్. ఆవిడ కళ్లు చిన్నవయ్యాయి. ఏదో పసిగట్టినప్పుడు ఆవిడ కళ్లు అట్లాగే అవుతాయి.

"మా తావున పోనే పోదు టీచరమ్మా. ఏటి ఇసక గదా. ఇట్లా ఇడిస్తే ఆడనే కూసుంటాది. అందుకే పిల్లోళ్లందురూ బాలుని ఎత్తే కొడతారు. కింద బట్టలు ఆరేసుంటాం, వాటి మీద పడినా ఊరుకోం, పైనించే పోవాల. గాలిలో వచ్చేదాన్ని రొమ్ముతో ఆపి, కింద పడకముందే కొట్టాల. పడిందంటే ఇసకలో సచ్చినట్టే. మా అమల ఆరేళ్ల వయసునించీ ఆడనే ఆడింది. నేల మీద ఉరికే బాలుని నేనూ ఇయ్యాలే సూస్తా ఉండా."

మేడమ్ మెల్లగా నా వైపు తిరిగారు.

"ఏరా గుణా, ఈ పిల్లని యాడ చూసినావు నువ్వు?"

"శ్రీకాళహస్తిలో మేడమ్."

"ఊరు తెలుసురా. గ్రౌండు ఏది?"

అబద్ధం చెప్పే ధైర్యం ఆవిడ ముందు నాకు ఎనిమిదో తరగతిలోనే పోయింది. "ఏట్లో చూసినా మేడమ్," అన్నాను.

"ఇసకలోనా?"

"ఇసకలోనే. ఇసకలోనే ఐదు కొడితే గట్టినేల మీద పది కొడతాది అనుకున్నా. చెప్తే మీరు నవ్వుతారని చెప్పలేదు."

"పాల కేంద్రంలో క్యాను మూత తీయకుండానే పాలు బాగుండాయని చీటీ రాస్తావా?"

"లేదు మేడమ్."

"మరి ఇక్కడ ఎందుకు రాసినావు?"

పిల్లలు కిసుక్కుమన్నారు. నవ్వనీ అనుకున్నాను. మూడు వారాలుగా ఆ పిల్ల ఒక్కతే మోస్తున్న బరువులో నా వాటా నాకు వచ్చింది, ఒక రకంగా హాయిగానే ఉంది.

రూపశ్రీ మాత్రం నవ్వలేదు. "సరే మేడమ్, ఎందుకో తెలిసింది. తెలిసి ఏం లాభం?" అంది. "మనం బాలు ఎత్తి ఇయ్యం గదా. అది మన పద్ధతి."

మా క్లబ్బు గది గోడ మీద నీలం రంగుతో బారెడు అక్షరాల్లో రాసి ఉంటుంది: బంతి మోకాలు దాటరాదు. ఆ నియమం మా జట్టు గర్వం. రెండేళ్ల క్రితం పేపరువాళ్లు వచ్చి 'పలమనేరు పద్ధతి' అని ఫొటోతో సహా రాశారు. మేడమ్ ఏ పెద్ద కోచింగులోనో నేర్చుకుని వచ్చారని మేమంతా అనుకునేవాళ్లం. ఆవిడా కాదనలేదు.

మేడమ్ మెట్ల మీద కూర్చున్నారు. మెడలోని విజిల్ తీసి పక్కన పెట్టారు. అరవై రెండేళ్ల మనిషి, బడిలో హోంవర్కు చేయని పిల్లలాగా తల వంచుకున్నారు.

"అది పద్ధతి కాదే తల్లీ. టొమాటో," అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఈ పక్కన శాంతయ్య తోట ఉండాది గదా. పన్నెండేళ్ల కింద మనం ఈ గ్రౌండుకి వచ్చినప్పుడు ఆయప్ప టొమాటో పెట్టుండె. బాలు పైకి లేస్తే పోయి తోటలో పడేది. పడితే చెట్లకి నాటిన కట్టెలు విరిగేవి, కాయలు రాలేవి. ఆయప్ప బాలు పెట్టేసుకోని తిరిగి ఇచ్చేవాడు కాదు. మన దగ్గర ఉండింది రెండే బాళ్లు. ఒకటి పోయింది. రెండోది కూడా పోతే ఆట బందు. అందుకని మోకాలు దాటితే ఆరు రౌండ్లు పరుగు అని శిక్ష పెట్టినాను. పిల్లోళ్లు కిందనే ఆడడం నేర్చినారు, గెలిచినారు. పేపరోళ్లు వచ్చి పద్ధతి అన్నారు. నాకూ బాగనే ఉండె, గమ్మునున్నా. చెప్పి చెప్పి రాన్రానూ నేనే నమ్మేసినా."

రూపశ్రీ మొహం అప్పుడు చూడాలి. పదేళ్ల వయసులో ఆ గ్రౌండులో అడుగుపెట్టిన పిల్ల అది. పన్నెండేళ్లలో ఎన్ని ఆరు రౌండ్లు పరిగెత్తిందో లెక్కే లేదు. ముందు ముక్కుపుటాలు అదిరాయి. ఏడుస్తుందేమో అనుకున్నాను. కానీ నవ్వు తన్నుకొచ్చింది. ఆ అమ్మాయి నవ్వితే మిగతా అందరూ నవ్వారు, చివరికి మేడమ్ కూడా.

"అయితే ఎత్తి ఇమ్మంటారా మేడమ్?" అని అడిగింది రూపశ్రీ, కళ్లు తుడుచుకుంటూ.

"ఇయ్యి చూద్దాం."

చెప్పడం తేలిక. పన్నెండేళ్లు నేలకే అలవాటైన కాలు అది. మొదటి బంతి మోకాలి ఎత్తుకి లేచి, భయపడినట్టు కింద పడింది. రెండోది మరీ లేచింది. గోల్‌పోస్టు దాటింది, గ్రౌండు దాటింది, అడవిపందులు రాకుండా శాంతయ్య తోట చుట్టూ కట్టిన పాత చీరల కంచె కూడా దాటి అవతల పడింది.

పిల్లలు అలవాటు కొద్దీ రౌండ్లు పరిగెత్తడానికి వరుసలో నిలబడిపోయారు. నాకు నవ్వు, జాలి రెండూ వచ్చాయి.

కాసేపటికి ఒక ఆకుపచ్చ చీర పైకి లేచింది. దాని కింద నుంచి శాంతయ్య బయటికొచ్చాడు, నోట్లో వేపపుల్ల, చంకలో బంతి.

"ఎవురిదమ్మా ఇది?"

"మాదే శాంతయ్యా," అన్నారు మేడమ్ లేచి నిలబడి. "కట్టెలు విరిగినాయా?"

"యా కట్టెలు?"

"టొమాటో కట్టెలు."

"టొమాటో యాడుండాది టీచరమ్మా! రెండేండ్లాయె మానేసి. ఆవులకి గడ్డి యేసినా గదా, మనిషెత్తు పెరిగుండాది. గుణశేఖరప్పకి తెలీదా?"

అందరి కళ్లూ మళ్లీ నా మీదికే. శాంతయ్య రోజూ పొద్దున్నే మా కేంద్రానికే పాలు పోస్తాడు. రెండేళ్లుగా ఆయన పాలలో వెన్న శాతం పెరిగింది. నేను స్వయంగా భుజం తట్టి మెచ్చుకున్నాను కూడా. మేత ఏం పెడుతున్నావని మాత్రం ఏనాడూ అడగలేదు.

"రెండేళ్లలో ఒక్క బాలైనా ఇటు పడుంటే తెలిసుండేది," అన్నాడు శాంతయ్య. "మీరు పడనిస్తేగా! పడనీండమ్మా, గడ్డికేమైతాది." బంతిని మా వైపు విసిరేసి చీర దించుకున్నాడు.

ఇక అక్కడ నుంచి ఒక గంట సేపు నేను చూసింది మా గ్రౌండులో ఎప్పుడూ చూడని ఆట. రూపశ్రీ ఎత్తుతూనే ఉంది. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, రెండు గడ్డిలోకి. ఏబెల్ గీత పక్కన నిలబడి, "కాలు కిందికి పోనీ తల్లీ, గరిటెతో తీసినట్టు తియ్," అని చెబుతున్నారు. తన కూతురి మీద అరిచిన పిల్లకే ఆయన అంత ఓపిగ్గా నేర్పుతున్నారు.

తొమ్మిదో బంతి అనుకుంటాను. రూపశ్రీ పాదం కింది నుంచి అది మెత్తగా లేచి, ఇద్దరు డిఫెండర్ల తలల మీదుగా వచ్చింది. అమల కదల్లేదు. చెయ్యి వెనక్కి చాపి అట్లాగే నిలబడింది. బంతి రొమ్ముకి తగిలి అక్కడే ఆగినట్టయింది. అది కింద పడేలోగా ఆ పిల్ల మొత్తం తిరిగిపోయింది, కాలు ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. గోల్‌కీపర్ కూడా చూడలేదు. వల కదిలినప్పుడే మా ఇద్దరికీ తెలిసింది.

"ఇంగొకటి!" అని అరిచింది రూపశ్రీ, గోల్ తనే కొట్టినంత ఆనందంగా.

ఇంకొకటి, ఇంకొకటి. ఎండ ఎక్కింది. తెప్పించిన టీ చల్లారిపోయింది. అమల మూడు వారాల్లో మొదటిసారి పళ్లు కనిపించేటట్టు నవ్వింది. కింది వరసలో ఒక పన్ను వంకర ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

మేడమ్ అందర్నీ మెట్ల దగ్గరికి పిలిచి, టీ తాగేసిన కాగితం కప్పుల్ని బోర్లించి పెట్టారు. "గోల్స్ కొట్టినంత మాత్రాన జాబితాలో రాయను," అన్నారు. "మన ఆటలో ఈమె ఎక్కడ సరిపోతాదో చూడాల. మోహన ఏం చేసేది? ఈ ఇద్దరు డిఫెండర్లనీ ఇటు లాక్కోనొచ్చేది. ఖాళీ వాళ్ల వెనకాల వచ్చేది." రెండు కప్పుల్ని ముందుకు జరిపారు. "అమల లాగదు. ఆడనే నిలబడతాది. ఎత్తిన బాలు ఒకసారి లోపలికి పోయిందంటే ఈ ఇద్దరూ ఇంక ఆమెని విడిచి కదలరు. అప్పుడు ఖాళీ యాడొస్తాది?"

"వాళ్ల ముందర!" అన్నాయి నాలుగు గొంతులు.

"ఆ. అప్పుడు వింగు పిల్లోళ్లు డిఫెండర్ల వెనక్కి కాదు, వాళ్ల ముందరికి రావాల. అమల కొట్టలేనప్పుడు రొమ్ముతో కిందికి దించితే, ఆ బాలు మీది. నేల మీదే ఆడొచ్చు. రూపా, పదిట్లో మూడు ఎత్తు, ఏడు కిందనే ఇయ్యి. ఎప్పుడు ఎత్తేది వాళ్లకి తెలియకూడదు."

మోహన ఇద్దర్ని లాక్కొచ్చేది, ఈ పిల్ల ఇద్దర్ని అక్కడే కట్టేస్తుంది. ఇంత చిన్న సంగతి మూడు వారాలు మాకెవరికీ తట్టలేదు. ఆటని వదులుకోనక్కర్లేదు, పిల్లనీ పోగొట్టుకోనక్కర్లేదు. ఆ మెట్ల మీద, ఆ ఎండలో, నాకు చెప్పలేనంత తృప్తిగా అనిపించింది.

మేడమ్ జాబితా తీసి, పదిహేనో గడిలో అమల పేరు గుండ్రంగా రాశారు. తిరుపతికి బయల్దేరే ముందు ఒక మాట చెబుదామని లీగ్ ఆఫీసులో దయానంద్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. లీగ్ కాగితాలన్నీ చూసేది ఆయనే.

"దయానంద్ గారూ, మా పదిహేనో పేరు కూడా వస్తా ఉండాది. అమల, తండ్రి పేరు ఏబెల్, ఊరు శ్రీకాళహస్తి."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"మేడమ్, ఆ పేరు నిన్ననే వచ్చిందే. శ్రీకాళహస్తి జట్టు జాబితాలో ఉండాది. అమ్మాయి సంతకం కూడా ఉండాది."

ఏబెల్ కూతురి వైపు చూశారు. ఆయనకీ తెలియదని ఆ చూపులోనే అర్థమైంది.

"సంతకం నాదే మేడమ్," అంది అమల. తల వంచలేదు. "గుణన్న సోమవారం మా నాయనకి ఫోన్ చేసింది నేను విన్నా. గురువారం మా ఊరి పిల్లోళ్లు చిత్తూరు బస్టాండుకి వచ్చినారు, నేనూ పోయినా. చిన్నప్పటి నుంచి నాతో ఇసకలో ఆడినోళ్లు. మీ జట్టులో పేరు లేకపోతే ఏడాదంతా ఏం చేస్తావు, మాతో రా, సంతకం పెట్టు అన్నారు. పెట్టినా."

"అయితే పొద్దున్నించి ఎందుకాడినావు?" అన్నారు మేడమ్. గొంతు కఠినంగా లేదు.

"నేను పనికిరానా, నాకొచ్చే బాలు పనికిరాదా, అది తెలుసుకోని పోదామనుకున్నా. ఇప్పుడు తెలిసింది." అమల పెదవి కొరుక్కుంది. "తెలీకుండా ఉంటే సులువుగా పోయుందును మేడమ్."

ఫోన్‌లోంచి దయానంద్ గొంతు మళ్లీ వచ్చింది. "ఐదింటి లోపల ఆ అమ్మాయే నా ముందరికొచ్చి, ఒక కాగితం ఉంచుకోని ఇంకోటి రద్దు చేసుకోవచ్చు మేడమ్. ఐదు దాటితే ఇప్పుడుండేదే ఖాయం. ఇంకో మాట. మొదటి మ్యాచ్ మీకూ శ్రీకాళహస్తికీనే పడింది."

మధ్యాహ్నం మేడమ్ తన పాత కారు తీశారు. ముందు సీట్లో నేను, వెనకాల ఏబెల్, అమల, రూపశ్రీ. ఘాట్ దిగుతుంటే చెవులు దిబ్బడేశాయి. చిత్తూరులో ఇడ్లీ తిన్నాం, అమల ఒకటే తింది. ఏ కాగితం ఉంచుకోవాలో నేను చెప్పను అని మేడమ్ ఒకే ఒక్కసారి అన్నారు. ఏబెల్ కూడా, నీ ఆట తల్లీ, నీ ఇష్టం అని కిటికీ వైపు తిరిగిపోయారు. దారిలో ఒక టైరు పంక్చరై గంట పోయింది. ఇంకో రోజైతే విసుక్కునేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఆ గంట అమలకి ఆలోచించుకోవడానికి దొరికిందిలే అనుకున్నాను.

ఆఫీసులోకి అడుగుపెట్టేసరికి నాలుగున్నర దాటింది. దయానంద్ రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పెన్ను మూత తీసి అమలకిచ్చారు. ఆ అమ్మాయి పెన్ను అందుకుంది. రెండు కాగితాల వైపూ చూసింది. ఆ తర్వాత మేడమ్‌ని కాదు, నన్ను కాదు, వాళ్ల నాయనని కూడా కాదు, రూపశ్రీని చూసింది.

"అక్కా, ఒక్కటే అడుగుతా, నిజం సెప్పు. నిజం మ్యాచ్‌లో, అందురూ మీద పడతా ఉంటే, ఆ బాలు నాకు ఎత్తి ఇయ్యగలవా?"

పొద్దున రూపశ్రీ ఎత్తిన ఇరవై బంతుల్లో సరిగ్గా పడినవి నాలుగు. మొదటి మ్యాచ్‌కి ఉన్నది ఎనిమిది రోజులు. తను చెప్పే ఒక్క మాట మీద తన జట్టు ఫార్వర్డ్ నిలుస్తుందో పోతుందో రూపశ్రీకి తెలుసు. ఆ అమ్మాయి అబద్ధం ఆడగా నేను ఎప్పుడూ వినలేదు.

రూపశ్రీ ఒక అడుగు ముందుకేసి, అమల చేతిలో ఉన్న పెన్నుని మెల్లగా తన చేతిలోకి తీసుకుంది. ఏం చెప్పిందో వచ్చే వారం.